తర్వాతి రైల్లో వస్తాను

రుస్తవేలి స్టేషన్లో ఎస్కలేటర్ అడుగున
గాజుగదిలో కూర్చోవడం నా ఉద్యోగం.
దిగేవాళ్ల మొహాలు, ఎక్కేవాళ్ల వీపులు,
పదకొండేళ్లుగా ఇదే చూపు.
మెట్టు మీద ఎవరైనా చతికిలబడితే
మైకులో కసురుతాను.
తిబిలిసిలో సగం మంది
నా చేత ఒకసారైనా చీవాట్లు తిన్నవాళ్లే.

నా కొడుకు గెగాకి మొన్ననే ఐదు నిండాయి.
అక్షరాలు ఇంకా పట్టుబడలేదు.
ఆదివారం యూనిఫాం విప్పేసి
వాడితో పాటు మామూలు మనిషిలా దిగాను.
వాడి మెడలో దారం, దారానికి కార్డు,
కార్డు మీద బిస్కెట్టు పొడి.

కుడి పక్కన నిలబడు నాన్నా,
ఎడమ పక్క తొందరున్నవాళ్లది.
ఈ నల్ల రబ్బరు కమ్మీ ఉందే,
మెట్టు కంటే దీనికి రవ్వంత దూకుడెక్కువ.
చెయ్యి నీకంటే ముందు పోతుంటే
వదిలేసి మళ్లీ పట్టుకో,
దాని వెంట వంగిపోకు.

"అడుగు కనిపించట్లేదు."
ఉంటుందిరా. మీ అమ్మ రోజూ కూర్చునేది అక్కడే.

రైలు కంటే ముందు దాని గాలి వస్తుంది.
నీ జుట్టు లేచిందా, ఒకడుగు వెనక్కి.
దిగేవాళ్లు దిగాక మనం.

చదవడం రాదు కనక వేళ్ల మీద నేర్పాను.
బొటనవేలు రుస్తవేలి,
చూపుడువేలు మర్జనిష్విలి.
రెంటి మధ్య ఈ పల్లం చూశావా,
అది మ్త్క్వరి నది. దాని కిందనుంచి పోతాం.
"తడుస్తామా?"
తడవం.
"చేపలకి తెలుస్తుందా?"
దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక ఆఖరిది, ముమ్మారు వల్లె వేయించింది:
నేను ఎక్కి నువ్వు ఉండిపోతే, కదలకు.
నువ్వు ఎక్కి నేను ఉండిపోతే
తర్వాతి స్టేషన్లో దిగు,
స్తంభానికి వీపు ఆనించి నిలబడు.
నన్ను వెతక్కు. వెతకడం నా పని.
తర్వాతి రైల్లో వస్తాను.

రైలు వచ్చి ఆగింది. వాడు ఎక్కాడు.
వెనక ఒక ముసలాయన సంచి పిగిలి
అక్రోటుకాయలు ప్లాట్‌ఫారమంతా దొర్లాయి.
ఎవరి కాలి కింద పడతాయోనని వంగాను.
"జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి."
రోజుకి కొన్ని వందలసార్లు వింటాను ఆ గొంతు,
అందుకే వినలేదు.

అద్దం వెనక గెగా.
ఏడవలేదు. బొటనవేలు మడిచి
చూపుడువేలు చూపించాడు.
రైలు వాణ్ణి నది కిందికి తీసుకుపోయింది.

సొరంగం నోటిమీద ఎర్ర అంకెలుంటాయి,
పోయిన రైలు పోయి ఎంతసేపైందో చెప్పడానికి.
ఇన్నేళ్లలో వాటితో నాకు పని పడలేదు.
ఒకటీ పదిహేడు.
ఒకటీ పద్దెనిమిది.
పక్కనే నా గాజుగది, అందులో ఫోను,
అటు చివర మర్జనిష్విలి గదిలో నా స్నేహితురాలు దోదో.
ఏదీ తోచలేదు.
నా జుట్టు ఎప్పుడు లేస్తుందా అని
సొరంగానికి ఎదురుగా నిలబడ్డాను.

మర్జనిష్విలిలో తలుపులు తెరుచుకునేసరికి
స్తంభానికి బల్లిలా అతుక్కుని వాడు,
వాడి పక్కన చేతిలో మిఠాయితో దోదో:
"నీ కొడుకా? ఎంత పిలిచినా
ఆ స్తంభం వదలడే!"

"తర్వాతి రైల్లోనే వచ్చావు," అన్నాడు,
నా లెక్క సరిచూసిన మాస్టారులా.
తర్వాత మెల్లగా, "భయమేసిందా?"
వేసింది, అన్నాను. నీకు?
"నది దగ్గర."

అప్పుడు చూశాడు నా గుప్పిట.
వేళ్లు విప్పితే ఒక అక్రోటుకాయ,
చెమటకి తడిసి ఉంది.
"ఇది ఆ తాతది కదా."
నేను ఏదో అనేలోపే
చూపుడువేలు మడిచి, బొటనవేలు లేపి,
నన్ను లాక్కుంటూ
ఎదుటి ప్లాట్‌ఫారానికి నడిచాడు.